సంక్రాంతికి అత్తారింటికి వెళ్తున్న ఏడో నెల అమ్మాయికి

చి.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

"భీమవరం వెళ్తున్నాం పెద్దమ్మా, డాక్టర్ గారు సరే అన్నారు" అని నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పండగపూట ఆ హైదరాబాద్ ఫ్లాట్‌లో ఇద్దరే ఎందుకు, హాయిగా వెళ్లి రండి. కాకపోతే ఫోన్‌లో చెప్పడం కుదరని మాటలు కొన్ని ఉన్నాయి. నింపాదిగా చదువు, అల్లుడికీ చదివి వినిపించు.

ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. పండగ రోజుల్లో మా దగ్గరికి పరుగున వచ్చిన గర్భిణుల్లో చాలామందికి జబ్బు కన్నా ముందు ముంచుకొచ్చింది మొహమాటమే. బస్సు ఆపమనడానికి మొహమాటం, ఇంకొకటి వద్దనడానికి మొహమాటం, కాసేపు పడుకుంటానని అనడానికి మొహమాటం. నీది కూడా అదే స్వభావం కాబట్టే ఇంత రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. కారు వద్దు తల్లీ, రైల్లో వెళ్లండి. సంక్రాంతి ముందు రోజుల్లో విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో ఏటా టీవీలో చూస్తూనే ఉన్నాం. నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భీమవరంలోనే దిగొచ్చు. గర్భిణులకు లోయర్ బెర్త్ కోటా ఉంటుంది, డాక్టర్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకో. రైల్లో లేచి నాలుగడుగులు వేయొచ్చు. ఈ నెలల్లో గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే వాపులు రావడమే కాదు, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. టికెట్ దొరక్క కారులోనే వెళ్లాల్సి వస్తే గంటన్నరకోసారి ఆపించు. సీటు బెల్టు పొట్ట మీదుగా కాదు, పొట్ట కిందుగా తొడల మీదికి రావాలి.

అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు మానొద్దు, పాస్ ఆపుకోవద్దు. ఒక పండగకు ఎనిమిదో నెల పిల్ల ఒకతి పట్నం నుంచి బస్సులో వచ్చింది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని పన్నెండు గంటలు పట్టిందట. మధ్యలో దిగాల్సొస్తుందని పొద్దున్నుంచీ చుక్క నీళ్లు తాగలేదు. ఊరు చేరిన మర్నాడే వణుకుతూ జ్వరం, నడుము పట్టేసి నొప్పులు. యూరిన్ ఇన్‌ఫెక్షన్ ముదిరి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. సెలైన్ పెడుతుంటే నా చెయ్యి పట్టుకుని, "బస్సంతా మగవాళ్లే సిస్టర్, ఆపమని ఎట్లా అడగను?" అంది. దేవుడి దయవల్ల నొప్పులు ఆగాయి, నెలలు నిండాకే కాన్పయింది. ఆ పిల్ల ముఖం మాత్రం నాకింకా గుర్తే. నువ్వు అడుగు. పదిసార్లైనా అడుగు.

ఇక తిండి. గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు తీసిన షుగర్ 146 వచ్చిందన్నావు. 140 లోపు ఉండాలి. మందులు అక్కర్లేదు, తిండితోనే అదుపు చేద్దామన్నారంటే అది మంచి మాటే, కానీ పండగింట్లో నిలబెట్టుకోవడం కష్టం. మీ అత్తగారు ప్రేమగా అరిసె చేతిలో పెట్టి, "పంచదార కాదమ్మా, బెల్లమే" అంటారు. బెల్లమైనా షుగర్ పెరుగుతుంది. అరిసెలో బెల్లంతో పాటు బియ్యప్పిండి కూడా ఉంది కదా. అలాగని నోరు కట్టేసుకోమనను. సగం అరిసె, అదీ పరగడుపున కాకుండా భోజనం చివర తిను, ఆ పూట అన్నం రెండు ముద్దలు తగ్గించు. ఇద్దరి కోసం తినాలనే మాట పట్టించుకోకు. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారె తిను, రెండు చాలు. నాటుకోడి పులుసు, పప్పు, ఆకుకూర కడుపునిండా తిను. తిన్నాక పెరట్లో పది నిమిషాలు నడు. గ్లూకోమీటర్ తీసుకెళ్లు, భోంచేసిన రెండు గంటలకు 120 లోపు ఉందో లేదో చూసుకో. మిగిలిన కోడికూర రాత్రికి గోరువెచ్చగా కాదు, కుతకుత ఉడికేలా వేడిచేయించు.

ఐరన్ మాత్ర కాఫీతోనో పాలతోనో వేసుకోకు, ఒంటికి పట్టదు. నిమ్మరసం నీళ్లతో వేసుకో. కాల్షియం మాత్రకూ దానికీ కనీసం రెండు గంటలు తేడా ఉండాలి.

పనుల విషయంలో నా సంగతే చెప్తాను. నా మొదటి కడుపప్పుడు అత్తారింట్లో అరిసెల రోజు. కట్టెల పొయ్యి, వంటిల్లంతా పొగ. మా తోటికోడలు అరిసె వత్తి నూనెలో వేస్తుంటే, నేను తీసి చెక్కల మధ్య నూనె వత్తుతూ మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. నన్నెవరూ కూర్చోమనలేదు. కొత్త కోడలు లేచి వెళ్లిపోతే బాగోదని నేనే కూర్చున్నాను. ఒక్కసారిగా లేచేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. ఆసరాకని చెయ్యి చాపితే తగిలింది మూకుడు అంచే. నా కుడి మణికట్టు మీద మచ్చ చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి గుర్తుందా, ఇదే. అందుకని ముగ్గు వేయాలనిపిస్తే చిన్న స్టూలు మీద కూర్చుని చిన్నది వెయ్, నెమ్మదిగా లే. బూజులు దులపడం, నిచ్చెనలెక్కడం నీ పని కాదు. భోగిమంట దూరం నుంచి చూడు. ఇప్పుడు పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా అందులో పడేస్తున్నారు, ఆ పొగ పీల్చకు. తలంటు నీళ్లు మరీ వేడిగా వద్దు. నూనె పడిన గచ్చు జారుతుంది, తోడు ఒకరిని ఉంచుకో.

మధ్యాహ్నం గంటసేపు తలుపేసుకుని ఎడమవైపు తిరిగి పడుకో. చుట్టాలు ఏమీ అనుకోరు. అనుకున్నా పడుకో. అప్పుడే బిడ్డ కదలికలు లెక్కపెట్టు, రెండు గంటల్లో పదైనా తెలియాలి.

కదలికలు తగ్గినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, తలనొప్పి విడవకుండా కళ్లు మసకబారినా, ముఖం చేతులు ఉబ్బినా, జ్వరం వచ్చినా, పొట్ట మాటిమాటికీ గట్టిపడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. భీమవరంలో దగ్గరి ఆసుపత్రి ఏది, పండగ మూడు రోజులూ రాత్రి డాక్టర్ ఉంటారా అని అల్లుణ్ణి ముందే కనుక్కోమను. రిపోర్టుల ఫైలు, స్కానింగులు పెట్టె అడుగున కాదు, నీ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు ఊరు దాటకూడదని పెద్దవాళ్లు ఆపుతారు. ఆసుపత్రికి మాత్రం ఆ మాట వర్తించదని పెద్దమ్మ చెప్పిందని చెప్పు. వినకపోతే ఫోన్ నాకివ్వు, మీ అత్తగారితో నేను మాట్లాడతాను. ఎంత రాత్రైనా సరే, ఫోన్ నా దిండు పక్కనే ఉంటుంది.

మీ పెద్దమ్మ