యాంటీటమ్ స్టీరియో ఫోటోలో లోతు తిరగబడితే

అమెరికా అంతర్యుద్ధంలో యాంటీటమ్ పోరు జరిగిన చోట తీసిన స్టీరియో ఫోటో (రెండు కళ్లకూ చెరో బొమ్మ, కలిపి చూస్తే లోతు తెలిసేది) గురించి అడిగారు కదా, మీ స్కాన్ బాగానే ఉందండి. హేగర్స్‌టౌన్ రోడ్డు కంచె పక్కన పడి ఉన్న సైనికులు వెనక్కి, దూరపు చెట్లు ముందుకు కనిపిస్తున్నాయన్నారు కదా, కుడి ఎడమ సగాలు తారుమారైనందుకే అలా ఉంది.

1862 సెప్టెంబరులో ఫోటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ అక్కడ వాడింది రెండు లెన్సుల కెమెరా. తడి కొలోడియన్ (బొమ్మను పట్టే రసాయన పూత) పూసిన ఒకే గాజు పలక మీద రెండు బొమ్మలూ పక్కపక్కనే పడేవి. ప్రతి లెన్సూ తన బొమ్మను విడిగా తలకిందులు చేస్తుంది. పలకను నిటారుగా తిప్పి చూస్తే ఎడమ కంటి బొమ్మ కుడివైపుకు వస్తుంది. అందుకే అప్పట్లో ప్రింటును మధ్యకు కోసి, సగాలను అటూఇటూ మార్చి అట్టకు అంటించేవారు. మీరు దించుకున్నది అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి, అలా మార్చని నెగటివ్ కాబట్టి ఆ పని మీరే చేయాలి.

ఫోటోను మధ్యకు రెండు ముక్కలుగా కోసి సగాల చోట్లు మార్చండి. మొత్తం ఫోటోను మిర్రర్ చేయొద్దు, లోతు సరికాదు, పైగా దృశ్యమే తిరగబడుతుంది. మార్చాక ఒకసారి సరిచూసుకోండి: ఎడమ బొమ్మలో దగ్గరి కంచె గుంజ, వెనకున్న చెట్లతో పోలిస్తే కాస్త కుడికి జరిగి ఉండాలి.

కళ్లు క్రాస్ చేసి చూసే అలవాటుంటే మాత్రం మార్చకుండానే సరిగా కనిపిస్తుంది. ఆ శవాల మధ్య దూరం తెలిసేలా చూడటం తట్టుకోవడం కష్టమే, అయినా ఈ ఫోటోలను చూడాల్సింది అలాగే.