మొద్దుబారిన చిటికెన వేలు

నెల్లూరు, మూలాపేట

అమ్మాయికి ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన వ్యాసం మొన్ననే అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి ఎడమ ముంజేతి మీద కుడిచేతి వేళ్లు పెట్టి తడుముకుంటూ. ముప్పై ఏళ్లు ఎనాటమీ చెప్పి రిటైరైన వాడికి ముంజేతి నరాల మీద వ్యాసం పంపితే ఎర్ర పెన్ను తీయకుండా ఉంటాడా? తీశాను. నాలుగో పేజీలో ఒక్క వాక్యం కింద మాత్రం ఆకుపచ్చ పెన్నుతో గీశాను. "మామయ్య చిటికెన వేలు మాత్రం ఇప్పటికీ మొద్దుబారే ఉంది." దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

ముందు మాట సంగతి. మొదటి పేజీలో "నరం" అని పదకొండుసార్లు రాశావు, మూడు వేర్వేరు వస్తువులకు రాశావు. తప్పు నీది కూడా కాదు, మన వాడుకలో ఆ మాటకు హద్దే లేదు. సెలైన్ ఎక్కించే నర్సమ్మ "నరం దొరకట్లేదు" అంటే అది సిర. బస్తా ఎత్తినవాడు "నరం పట్టేసింది" అంటే చాలాసార్లు అది కండరం. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాళ్లలా లేచేవాటిని చూపించి "నరాలు తేలాయి" అంటాం, అవి స్నాయువులు. కండరాన్ని ఎముకకు కట్టిన తాళ్లన్నమాట. మెదడుకూ చేతికీ మధ్య కబురు మోసే అసలు నరం ఇలా చర్మం కింద తేలి కనబడదు. పోనీ నాడి అందామా? మన జనానికి నాడి అంటే వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసేది, అది ధమని. నేను నరమనే రాస్తాను. కానీ దేన్ని అలా పిలుస్తున్నానో మొదటి పేరాలోనే చెప్పేసి, మిగతావాటికి ఆ మాట వాడను.

పంతులు చాదస్తం అనుకుంటున్నావేమో. బొటనవేలి కొసను చిటికెన వేలి కొసకు ఆనించి మణికట్టు కాస్త లోపలికి వంచు. మధ్యలో సన్నటి తాడొకటి లేస్తుంది. పాల్మారిస్ లాంగస్ అనే కండరం తాలూకు స్నాయువు అది. నాకు కుడిచేతికి లేస్తుంది, ఎడమచేతికి లేవదు. ఇన్నేళ్లలో ఎడమచేత్తో బకెట్ మోయడానికి నాకేమీ ఇబ్బంది రాలేదు. కొందరికి రెండు చేతులకూ ఉండదు, వాళ్లకా సంగతే తెలియదు. లేకపోయినా నష్టం లేదు కాబట్టే, ఇంకెక్కడైనా స్నాయువు దెబ్బతింటే సర్జన్లు దీన్ని తీసి అక్కడ వేస్తారు. సరిగ్గా దాని కింద, పెద్ద లోతేమీ లేకుండా, మీడియన్ నరం ఉంటుంది. తాడు లేని చేతిలో తాడు కోసం వెతికి, తెల్లగా కనబడిన మీడియన్ నరాన్నే కోసి తీసేసిన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మనం మాటలో కలిపేసినదాన్ని అక్కడ కత్తి కలిపేసింది.

ఇక రెండో పేజీ. "ప్రతి మనిషి ముంజేతిలోనూ మూడు నరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మూడు దారుల్లో సాగుతాయి" అన్నావు. మూడు నరాలు సరే. మధ్యగా దిగేది మీడియన్, చిటికెన వేలి వైపుది అల్నార్, బొటనవేలి వైపుది రేడియల్. ఆ "ప్రతి" అన్నదాన్ని కొట్టేశాను. "సంబంధం లేకుండా" అన్నదాన్ని రెండుసార్లు కొట్టేశాను.

మీడియన్ నరం మోచేయి దాటగానే ప్రొనేటర్ టెరీస్ అనే కండరం రెండు తలల (అంటే రెండు మొదళ్ల) మధ్య నుంచి దిగుతుందని మీ పుస్తకంలో ఉంటుంది. ఎక్కువమందిలో అంతే. కొందరిలో రెండు తలల కిందుగానూ పోతుంది. ఇది చిన్న సంగతి. పెద్ద సంగతి ఏమిటంటే, కొందరి ముంజేతి పైభాగంలో మీడియన్ నుంచి ఒక పాయ విడిపోయి, ఏటవాలుగా దిగి అల్నార్‌లో కలుస్తుంది. 1763లో స్వీడన్‌కు చెందిన రోలాండ్ మార్టిన్ దీని గురించి రాశాడు, 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన వెంజెల్ గ్రూబర్ మళ్లీ వివరంగా రాశాడు. ఇద్దరి పేర్లూ కలిపి మార్టిన్–గ్రూబర్ కలయిక అంటారు. లెక్కలు ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా ఉన్నా, వందమందిలో సుమారు 15 నుంచి 20 మందికి ఉంటుందనుకోవచ్చు. నువ్వెక్కే ఒంగోలు–కందుకూరు బస్సులో సీట్లు దొరికినవాళ్లలోనే ఏడెనిమిది మందన్నమాట. ఒక చేతికి ఉండి రెండో చేతికి లేకపోవడమూ ఉంది. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనబడింది. అల్నార్ నుంచి మీడియన్‌కు ఎదురు దారిలో పోయే పాయ కూడా ఉంది గానీ చాలా అరుదు. అరచేతిలో ఈ రెండు నరాలూ కలిసే ఇంకో చోటు ఉంది, దాన్ని 1897లో రీష్, కాన్యూ విడివిడిగా గుర్తించారు.

వీటిని నువ్వు "అసాధారణ లోపాలు" అన్నావు. లోపమేముంది ఇందులో? "తేడా" అన్నా మన ఊళ్లలో వెక్కిరింపులా వినబడుతుంది. "కొందరిలో ఇలా కూడా ఉంటుంది" అని రాస్తే చాలు.

నా పరువు తక్కువ సంగతి ఒకటి చెబుతాను. ఫస్టియర్‌లో ముంజెయ్యి డిసెక్షన్ మా బ్యాచ్ వంతు వచ్చింది. బొమ్మల పుస్తకం పక్కనే తెరిచి పెట్టుకున్నాం. కండరాల మధ్య కుట్టుదారం మందాన తెల్లటి పోగొకటి అడ్డంగా కనబడింది. బొమ్మలో లేదు. బొమ్మలో లేదు కాబట్టి పొర అయ్యుంటుందని ఫోర్సెప్స్‌తో పట్టి లాగేశాను. బొమ్మ ఎంత శుభ్రంగా ఉందో నేను కోస్తున్న చెయ్యీ అంత శుభ్రంగా తయారైంది. హాల్లో పనిచేసే అటెండరు చూసి, "ఏంది సామీ, దాన్ని పీకేస్తివే! పోయినేడు ఒక చేతికి ఇట్టాంటిదే ఉంటే సార్ అందర్నీ పిలిచి చూపించాడు గదా" అన్నాడు. ఆయనకు మార్టిన్ తెలియడు, గ్రూబర్ తెలియడు. మాకంటే ఎక్కువ చేతులు చూశాడు, అంతే. సార్‌కు చెబుతాడేమోనని వారం రోజులు టెన్షన్. చెప్పలేదు పాపం.

ఇప్పుడు మీ మామయ్య. చీమకుర్తి యార్డులో గ్రానైట్ పలక అంచు మోచేతి లోపలివైపు దిగింది. అల్నార్ నరం తెగిందన్నారు. ఉంగరం వేలు, చిటికెన వేలు పక్షి గోళ్లలా ముడుచుకుపోతాయనీ, వేళ్లు విప్పి దగ్గరకు చేర్చడం ఇక రాదనీ అన్నారు. నెలలు గడిచినా ఆయన వేళ్లు విప్పుతున్నాడు, బీడీ పట్టుకుంటున్నాడు. దానికి నువ్వు "అంతా దేవుడి దయ" అని రాసి వ్యాసం ముగించావు. ఆ ముగింపుకు ముందు, ఊరికే వచ్చి పడినట్టు, ఆ మొద్దుబారిన వేలి వాక్యం.

ఆ వాక్యం ఎందుకంత ముఖ్యమో చూడు. వేళ్లను విప్పి చేర్చే చిన్న కండరాలు అరచేతిలో ఉంటాయి, వాటికి కబురు తెచ్చేది అల్నార్. మార్టిన్–గ్రూబర్ ఉన్న చేతిలో ఆ కబురు మోసే తీగల్లో కొన్ని మోచేయి దాటేదాకా మీడియన్‌లో ప్రయాణం చేసి, ఆ తర్వాత ఇటు దూకుతాయి. కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పై తూము మూసేసినా కింద చేను తడిగానే ఉంటుంది, కాలువ చూసుకునే లస్కరు వచ్చి తల గోక్కుంటాడు. రాత్రి ఎవరో పక్క కాలువ నుంచి పిల్లకాలువ తవ్వుకుని ఉంటారు. మోచేతి దగ్గర అల్నార్ తెగినా, తెగిన చోటుకు కింద నీళ్లు వచ్చి కలిశాయి. అయితే ఇలా దారి మార్చేవి దాదాపు అన్నీ కండరాన్ని కదిలించే తీగలే. స్పర్శ మోసేవి పాత దారినే నమ్ముకుని ఉంటాయి, కోతతో అవి పోయాయి. కాబట్టి వేలు కదులుతుంది, ఏం తగిలిందో మాత్రం తెలియదు. దేవుడి దయలో ఇమడని సంగతి అదొక్కటే. ఇమడకపోయినా నువ్వు దాన్ని తీసేయలేదు. నేను ఫోర్సెప్స్‌తో చేసిన పని నువ్వు పెన్నుతో చేయలేదు.

అలాగని "దేవుడి దయ" కొట్టేసి ఆ చోట "మార్టిన్–గ్రూబర్" అని రాసేయకు. నరం సగమే తెగి ఉండొచ్చు. కుట్టింది అతికి కొంత కోలుకుని ఉండొచ్చు. తేల్చాలంటే నర్వ్ కండక్షన్ టెస్ట్ ఉంది. అల్నార్ నడిపే కండరం మీద ఎలక్ట్రోడ్ అంటించి, మీడియన్‌కు చిన్న షాక్ ఇస్తారు. మణికట్టు దగ్గర ఇస్తే పలకని కండరం మోచేతి దగ్గర ఇస్తే పలికిందంటే, మధ్యలో ఎక్కడో దాటిందన్నమాట. ఇది తెలియక, ఏ జబ్బూ లేని ముంజేతిలో అల్నార్‌కు అడ్డంకి ఉందని రిపోర్టు రాసే ప్రమాదమూ ఉంది.

ఇంట్లో చూడగలిగినంత నువ్వే చూడు. మామయ్య ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య మడత లేని కాగితం పెట్టి లాగు. ఎంత గట్టిగా పట్టుకుంటాడో రాసుకో. తర్వాత చిటికెన వేలి చివరి కణుపొక్కటే వంచమను. దాన్ని వంచే కండరం ముంజేతిలోనే ఉంటుంది, దానికి అల్నార్ కొమ్మ మోచేయి దిగగానే అందుతుంది. కణుపు వంగకుండా, కాగితం మాత్రం జారకుండా ఉందంటే పిల్లకాలువ అనుమానం గట్టిదే. అనుమానాన్ని అనుమానంగానే రాయి.

ఒక పొరపాటు త్వరగా దిద్దేస్తాను. "మణికట్టు కన్నా పైన తెగింది కాబట్టి ఇంకా ఎక్కువ ముడుచుకోవాలి" అన్నావు. జరిగేది తిరగబడి ఉంటుంది. మోచేతి దగ్గర తెగితే వేలి కొస వంచే కండరం కూడా పడిపోతుంది కాబట్టి ముడత తక్కువగా కనబడుతుంది. నష్టం ఎక్కువ, వంకర తక్కువ.

పోలికల గురించి ఒక్క మాట. నీ వ్యాసంలో కరెంటు తీగలు, చెట్టు కొమ్మలు, రైలు పట్టాలు ఉన్నాయి. ఇప్పుడు నేను కాలువ కూడా తవ్వాను. ఒక్కదాన్ని ఉంచుకుని మిగతావి తీసెయ్. మీడియన్‌కూ అల్నార్‌కూ సంస్కృతం పేర్లు కట్టబోకు, చదివేవాళ్లు డాక్టరు రిపోర్టులో చూసేది ఈ పేర్లే.

వచ్చే ఆదివారం నెల్లూరు వస్తానన్నావు గదా. చేపల పులుసు రెండోరోజుకే బాగుంటుంది, అందుకని శనివారం సాయంత్రమే పెట్టించేస్తాను. మామయ్యను కూడా వెంటబెట్టుకుని రా. ఆ చెయ్యి నేనూ ఒకసారి చూడాలి.

ఇట్లు,
మీ మాస్టారు