కాంతిని వక్రీకరించే పూత ఉంటుందా?

సందేహం: కాలేజీ పత్రిక కోసం మైక్రో ఎల్‌ఈడీ తెరల గురించి, అంటే అతిచిన్న ఎల్‌ఈడీ దీపాలే చుక్కలుగా వెలిగే తెరల గురించి, చిన్న వ్యాసం రాశాను. అందులో ఒక వాక్యం ఇది: "మైక్రో ఎల్‌ఈడీ తెరలపై తక్కువ వక్రీభవన పూత వేస్తే అది కాంతిని వక్రీకరించి, కాంతి ఉత్పత్తిని పెంచుతుంది." మా తెలుగు మాస్టారు 'వక్రీకరించి' కొట్టేసి 'వక్రీభవించి' అని దిద్దారు. 'పూత' అంటే మామిడి పూత గుర్తొస్తోంది, 'లేపనం' అనమని నా స్నేహితుడు అంటున్నాడు. ఏది ఒప్పు?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

సమాధానం: మాస్టారు పట్టుకున్న తప్పు తప్పే. కానీ ఆయన దిద్దుబాటుతో వాక్యం ఇంకోచోట బెసికింది. ముందు ఆ రెండు క్రియల సంగతి చూద్దాం.

సంస్కృతంలో చ్వి అని ఒక ప్రత్యయం ఉంది. అంతకు ముందు అలా లేనిది అలా మారడాన్ని చెబుతుంది. వ్యాకర్తలు దీన్నే అభూత తద్భావం అంటారు. విచిత్రమేమిటంటే ఈ ప్రత్యయం తాను పూర్తిగా లోపించిపోయి, ముందున్న మాట చివరి అకారాన్ని ఈకారంగా మార్చి వెళ్తుంది. అలా 'వక్ర' కాస్తా 'వక్రీ' అయింది. దాని పక్కన కృ ధాతువు చేరితే ఎవరో పనిగట్టుకుని చేసినట్టు, భూ ధాతువు చేరితే తనంతట తాను అయినట్టు. గ్లాసులో ఐసుముక్క ద్రవీభవిస్తుంది. మన వంటింటి సిలిండర్లో ఉన్నది ద్రవీకృత పెట్రోలియం వాయువు, ఎందుకంటే దాన్ని ఒత్తిడి పెట్టి మనుషులు ద్రవంగా చేశారు. ఘనీభవనం, బాష్పీభవనం ఒక వైపు, కేంద్రీకరణ, జాతీయీకరణ ఇంకో వైపు.

ఈ లెక్కన గాలిలోంచి నీళ్లలోకి దిగే కిరణం దారి మారడం వక్రీభవనం. ఇక 'వక్రీకరణ' వ్యాకరణం ప్రకారం 'వంచడం' అనే అర్థం ఇవ్వగలిగినా, వాడుక దాన్ని ఎప్పుడో వేరే పనికి కుదిర్చేసింది. "నా మాటల్ని వక్రీకరించారు" అని మన నాయకులు రోజుకొకరు చెప్పగా చెప్పగా, ఆ మాట వినగానే ఒక దురుద్దేశం వాసన కొడుతుంది. చరిత్రను వక్రీకరిస్తారు, వాస్తవాల్ని వక్రీకరిస్తారు. పాపం, పూతకు అంత కుట్ర లేదు. మాస్టారు కొట్టేసింది అందుకే అయి ఉంటుంది.

అయితే ఆయన దిద్దాక మీ వాక్యం "అది కాంతిని వక్రీభవించి" అని మిగిలింది. భవించడం అకర్మక క్రియ, దానికి 'కాంతిని' అన్న కర్మ పొసగదు. "పాలను కాగి" అంటే చెవికి ఎలా తగులుతుందో ఇదీ అంతే. "కాంతి వక్రీభవించి" అనాలి, లేదా పాఠ్యపుస్తకాల్లోలా "కాంతి వక్రీభవనం చెంది" అనాలి.

మీ స్నేహితుడి 'లేపనం' నాకు అక్కర్లేదనిపిస్తోంది. ఆ మాట వింటే మందుల సీసా, గంధం గిన్నె కనిపిస్తాయి. 'పూయు' అన్న క్రియకు తెలుగులో రెండు బతుకులున్నాయి. చెట్టు పూస్తుంది, చెయ్యి గంధం పూస్తుంది. ఒకే మాటను రెండు పనులకు వాడుతూ ఇన్నాళ్లూ ఎవరం తికమకపడలేదు. బంగారు పూత గాజులు కొనేటప్పుడు ఎవరికీ మామిడితోట గుర్తుకు రాదు. పైగా ఈ విషయంలో తెలుగు చాలా పట్టింపు గలది. గోడకు మట్టి మెత్తుతాం, నేలను పేడతో అలుకుతాం, తలకు నూనె పట్టిస్తాం, గడపకు పసుపు రాస్తాం, పిల్లవాడు మూతికి పెరుగు పులుముకుంటాడు. వీటిలో పలచగా, సమంగా, పైకి అందంగా పరుచుకునేదానికి పెట్టుకున్న మాట పూత. అద్దం మీద మెగ్నీషియం ఫ్లోరైడ్‌ను దాదాపు 100 నానోమీటర్ల మందాన, అంటే వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతున, ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా పరిస్తే దానికి ఇంతకంటే తగిన మాట ఏముంది? 'కోటింగ్' అన్నా నాకు అభ్యంతరం లేదు. కళ్లజోడు షాపులో అందరూ అనేది అదే. కాకపోతే తెలుగు వాడుకలో "కోటింగ్ ఇచ్చారు" అంటే చితకబాదారనీ, చీవాట్లు పెట్టారనీ అర్థం కూడా ఉంది. శాస్త్ర వ్యాసంలో "పిక్సెళ్లకు కోటింగ్ ఇచ్చారు" అని మాత్రం రాయకండి.

ఇక మీరు అడగనిది ఒకటి. 'తక్కువ వక్రీభవన పూత' అన్నది చదివితే ఏది తక్కువో తేలదు. పూత తక్కువ వేశారా? వక్రీభవనం తక్కువ జరుగుతుందా? మీరు చెప్పదలచింది ఈ రెండూ కాదు, వక్రీభవన గుణకం తక్కువ అని. శూన్యంతో పోలిస్తే ఒక పదార్థంలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిగా నడుస్తుందో చెప్పే అంకె అది. గుణకం అన్న మాటను మింగేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇంగ్లిష్‌లో నాలుగు నామవాచకాలు రైలు పెట్టెల్లా తగిలించినా నడుస్తాయి. తెలుగులో అంత పొడుగు గొలుసు నడవదు, 'ఉండే' అన్న చిన్న మాటతో విడదీస్తే హాయిగా ఉంటుంది: 'వక్రీభవన గుణకం తక్కువగా ఉండే పూత'. ఇంకో సంగతి, మన భాషలో 'తక్కువ' ఒంటరిగా నిలవలేదు, వెంటనే 'దేనికంటే?' అని అడిగించుకుంటుంది. మీ వ్యాసానికి ఆ ప్రశ్నే ప్రాణం.

ఎందుకంటే, నీలం, ఆకుపచ్చ మైక్రో ఎల్‌ఈడీల్లో వెలుగు పుట్టేది గాలియం నైట్రైడ్ అనే అర్ధవాహకం ఆధారంగా చేసిన పొరల్లో. నీలి కాంతికి గాలియం నైట్రైడ్ గుణకం దాదాపు 2.45. గాలిది 1. అంత తేడా ఉన్నచోట, ఉపరితలానికి గీసిన లంబంతో సుమారు 24 డిగ్రీలు దాటి వాలిన కిరణం బయటికి రానే రాదు, సంపూర్ణాంతర పరావర్తనం చెంది లోపలికే తిరిగిపోతుంది. లోపల వెలుగు అన్ని దిక్కులకూ చిమ్ముతుంది కనుక, ఒక చదునైన ముఖం గుండా మొదటి ప్రయత్నంలోనే బయటపడే దారి దొరికేది దాదాపు 4 శాతానికే. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ ముఖం మీద చదునుగా ఏ పూత వేసినా, దాని గుణకం ఎంతైనా, చివరికి గాలిలోకి వచ్చే ఆ 24 డిగ్రీల హద్దు మారదు. కిరణం ఎంత వంగుతుందో లెక్కగట్టే స్నెల్ నియమాన్ని పొర వెంట పొరకు రాసుకుంటూ పోతే మధ్య పొర లెక్కలోంచి జారిపోతుంది. ఆ హద్దులోపల బయటికి వచ్చే కిరణాల్లో కొంత వెనక్కి మళ్లకుండా చూడటం వరకే పైపూత పని. తెర మీది అద్దం సంగతి తీసుకోండి. పూత లేకపోతే నిటారుగా పడిన కాంతిలో ఒక్కో ముఖం దగ్గర 4 శాతం వెనక్కి పోతుంది. 1.38 గుణకం ఉన్న మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత వేస్తే అది 1.4 శాతం దాకా దిగుతుంది.

గుణకం తక్కువ ఉన్న పదార్థం అసలు పనికొచ్చేది పిక్సెల్ పక్కల. పిక్సెల్ మీద 1.7 గుణకం ఉన్న రెసిన్ అనే పారదర్శక పదార్థం నింపి, దాని చుట్టూ 1.4 ఉన్న పదార్థంతో గోడ కట్టారనుకోండి. గోడకు లంబంతో 55 డిగ్రీలు దాటి తగిలిన కిరణాలు పక్క పిక్సెల్‌లోకి దూరలేక పైకి మళ్లుతాయి. పైముఖం దగ్గర కాంతిని బంధించిన కిటుకునే పక్కల మాత్రం దారి చూపడానికి వాడుకున్నారన్నమాట. ఆ 1.4 రెసిన్ కంటే తక్కువ, గాలి కంటే ఎక్కువ. 'కంటే' లేకుండా 'తక్కువ' అంటే ఏమీ చెప్పనట్టే.

'కాంతి ఉత్పత్తి' కూడా మార్చండి. ఉత్పత్తి లోపల, కరెంటు పారిన చోట జరిగిపోయింది. పూత దానికి ఒక్క రేణువు వెలుగు కూడా కలపదు. పెరిగేది వెలువడే కాంతి. వెలి అంటే బయట, వెలువడటమంటే బయటపడటం. ఇక్కడ సరిగ్గా అదే జరుగుతోంది, ఇంత అచ్చమైన మాట చేతిలో ఉండగా ఉత్పత్తి దాకా పోనక్కర్లేదు.

ఆ 24 డిగ్రీల హద్దును మన పాఠ్యపుస్తకాలు సందిగ్ధ కోణం అంటాయి. కోణానికి సందేహమేమిటని పిల్లలు నవ్వుతారు. సరిగ్గా ఆ కోణంలో వచ్చిన కిరణం బయటికీ పోదు, లోపలికీ రాదు, ఉపరితలం వెంబడి సాగుతుంది, కాబట్టి పేరు నాకు నచ్చింది. అందులో ఇంకో ముచ్చట కూడా ఉంది. సందిగ్ధం, సందేహం రెండూ దిహ్ ధాతువులోంచి వచ్చినవే. దానికి పూయడం అన్న అర్థం ఉంది. విషం పూసిన బాణాన్ని అమరకోశం దిగ్ధం అంటుంది. మీరు పూత గురించి సందేహం పంపారు, సందేహంలోనే పూత ఉంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "మైక్రో ఎల్‌ఈడీ పిక్సెల్ చుట్టూ, లోపలి రెసిన్ కంటే వక్రీభవన గుణకం తక్కువగా ఉండే పూత వేస్తే, పక్కలకు పోబోయే కాంతిలో చాలా భాగం సంపూర్ణాంతర పరావర్తనం చెంది పైకి మళ్లుతుంది. దాంతో తెర నుంచి వెలువడే కాంతి పెరుగుతుంది." ఒకసారి మాస్టారికి కూడా చూపించండి. జరిగేది పరావర్తనం కనుక, మీరు రాసిన వక్రీకరించడానికీ ఆయన దిద్దిన వక్రీభవించడానికీ ఇందులో చోటే దొరకలేదు.