తొలినాళ్ల కతోలిక పూజలో పంటలను, తిండి పదార్థాలను కూడా ఆశీర్వదించేవారా?

అవును, అదీ పూజ అయిపోయాక విడిగా కాదు, పూజలో భాగంగానే. 3వ శతాబ్దం నాటిదని చాలామంది చెప్పే 'అపోస్తలుల సంప్రదాయం' అనే నియమాల పుస్తకంలో, రొట్టె, ద్రాక్షరసం మీద కృతజ్ఞతా ప్రార్థన తర్వాత ఎవరైనా నూనె, చీజ్, ఒలీవ పండ్లు తెస్తే బిషప్ వాటి మీద ఏమని ప్రార్థించాలో కూడా ఉంది. చీజ్ ప్రార్థన నాకు మరీ ఇష్టం: గడ్డకట్టిన ఈ పాలను పవిత్రం చెయ్యి, మమ్మల్ని కూడా నీ ప్రేమలో అలాగే గట్టిపరచు అని దాని భావం. ఇంట్లో పాలు తోడుపెట్టేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది!

అయితే ఏది పడితే అది తేవడానికి లేదు. ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఆపిల్, బాదం లాంటివి సరే. గుమ్మడి, దోస, ఉల్లి, వెల్లుల్లి మాత్రం వద్దని అదే పుస్తకం చెప్తుంది. పూలలో గులాబీ, లిల్లీకే చోటు. కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్లకి పాలు, తేనె కలిపి ఇచ్చేవారు, అది వాగ్దాన భూమికి, అంటే బైబిల్లో దేవుడు తన ప్రజలకు ఇస్తానన్న దేశానికి గుర్తు.

తర్వాత రోమ్‌లో ఆరోహణ పండుగకి (యేసు పరలోకానికి వెళ్లిన రోజు) కొత్త చిక్కుళ్లు, ఆగస్టు 6న కొత్త ద్రాక్ష ఆశీర్వదించేవారు. రోమన్ పూజా ప్రార్థన (రొట్టె, ద్రాక్షరసం మీద గురువు చేసే ప్రధాన ప్రార్థన) చివర్లో "వీటన్నిటినీ నువ్వే సృష్టించి, పవిత్రపరచి, ఆశీర్వదించి మాకిస్తున్నావు" అనే భావంతో ఒక వాక్యం వస్తుంది, ఈ ఆశీర్వాదాలు సరిగ్గా దానికి ముందే జరిగేవి. పవిత్ర వారంలో (ఈస్టర్‌కి ముందు వారం) తైలాలను ఆశీర్వదించే పూజలో, రోగులకు రాసే తైలాన్ని ఇప్పటికీ ఆ వాక్యానికి ముందే ఆశీర్వదించే పద్ధతి ఉంది.