తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడుగు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లల్ని సర్కారు బడిలో చేర్చమంటూ బడిబాటలో ఇంటికి వచ్చిన టీచర్లతో మాట్లాడి, బుజ్జిగాడిని మీ వీధి చివరి సర్కారు బడిలో ఒకటో తరగతిలో వేద్దామనుకుంటున్నావని రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. మీ అత్తగారు రెండు రోజులుగా ముభావంగా ఉన్నారట కూడా. ముప్పై ఏళ్లు సర్కారు బడుల్లోనే పాఠాలు చెప్పాను కదా, మన ఇంట్లో ఇన్నాళ్లకు ఒకరు నా ఉద్యోగాన్ని నమ్మారనిపించింది. అయినా మూడింటికే మెలకువ వచ్చేసింది. లేచి ఇది రాస్తున్నాను.

కాగితాల గురించి బెంగపడకు. పుట్టిన తేదీ పత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు, పిల్లాడికి పరీక్షా పెట్టకూడదు. 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది.

జూన్ 12న, బడి తెరిచే రోజు మాత్రం వెళ్లకు. ఆ రోజు మామిడి తోరణాలే కనబడతాయి. పది రోజులు ఆగి, మామూలు మంగళవారం వెళ్లు. ఫోను తీసి వీడియో పట్టావంటే నేనే వచ్చి చెవి మెలేస్తాను. టీచర్లు ఎంతమంది అని కాదు, ఈ రోజు ఎంతమంది వచ్చారని అడుగు. ప్రాథమిక బడిలో అరవై మంది పిల్లల వరకు చట్టం ఇచ్చేది ఇద్దరినే. అయిదు తరగతులకు ఇద్దరు. ఒకరు శిక్షణకు వెళ్తే మిగిలేది ఒక్కరు. నేనూ అలా ఒంటరిగా నెట్టుకొచ్చాను. ఒకటో తరగతి వాళ్లు నేను రాసిచ్చిన 'అ' మీదే దిద్దీ దిద్దీ, సాయంత్రానికి అది పలక మీద వేలంత లావయ్యేది. అందుకే రెండో తరగతి పిల్లల నోటు పుస్తకాలు తిరగెయ్యి. ఎర్ర సిరాతో తేదీలు వారం వారం ఉన్నాయా, అధికారి వచ్చిన రోజు ఒక్కసారే పడ్డాయా తెలిసిపోతుంది. మధ్యాహ్నం వాళ్లతో కూర్చుని ఓ ముద్ద తిను.

ఇక అసలు సంగతి. మరుగుదొడ్డి చూడు. నవ్వకు.

మీ అక్క రెండో తరగతిలో ఉన్నప్పుడు నాకు బదిలీ అయింది. కొత్త ఊళ్లో దాన్ని చేర్చడానికి బడి చూడ్డానికి వెళ్లాను. టీచర్ని కదా, నాకు తెలియనిదేముందనుకున్నాను. హాజరుపట్టీ చూశాను, నల్లబల్ల మీద రాత చూసి మురిసిపోయాను, హెడ్మాస్టరు ఇచ్చిన టీ తాగి చేర్చేసి వచ్చాను. రోజూ సాయంత్రం దాని నీళ్ల సీసా నిండుగానే ఇంటికి వచ్చేది. నీళ్లు ఒలకబోసుకోని బుద్ధిమంతురాలని పక్కింటి వాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. దసరా నాటికి జ్వరం, పొత్తికడుపు పట్టుకుని ఏడుపు. "బడిలో ఒంటికి వెళ్తోందా?" అని అడిగాడు డాక్టరు. మీ అక్క నా వంక చూడకుండా అంది: "దానికి తాళం ఉంటుందమ్మా."

తాళంచెవి హెడ్మాస్టరు సొరుగులో ఉండేదట, అధికారులు వస్తే తీయడానికి. మిగతా ఆడపిల్లలు జట్టుగా చింతచెట్టు వెనక్కి వెళ్లేవాళ్లు. కొత్తపిల్లని ఎవరూ పిలవలేదు. ఆయనతో పోట్లాడడానికి బయల్దేరి, గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నేను పనిచేసే బడిలో తాళంచెవి నా బీరువాలోనే ఉంది మరి. పాడుచేస్తారని నేనే వేయించాను.

సోమవారం ఆ తాళం తీసేశాను. నీళ్లు ఎవరు పోస్తారని మావాళ్లు సణిగారు. కొన్నాళ్లు నేనే పోశాను.

కాబట్టి ఇంటర్వెల్ వేళకు వెళ్లు. నేల తడిగా ఉంటే వాడుతున్నట్టే. కుళాయి తిప్పి చూడు. గడియ ఆరేళ్ల వాడి చేతికి అందుతుందా చూడు. టీచరును కాదు, పిల్లల్ని అడుగు. 'మగపిల్లాడికేం' అనకు.

లోపం కనబడగానే ప్రైవేటు బడికి పరుగెత్తకు. సర్కారు బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. అందులో చేరి గట్టిగా అడుగు. నీకు నోరు బాగానే ఉంది, చిన్నప్పుడు నన్నే ఎదిరించేదానివి.

సాయంత్రం వాడి సీసా ఎత్తి చూడు. బరువుగా ఉంటే వెంటనే నాకు ఫోను చెయ్యి. మీ అత్తగారికి ఆవకాయ పంపుతున్నాను, కారం తగ్గించే పెట్టాను.

మీ పెద్దమ్మ