600వ ర్యాంకు టెన్నిస్ ఆటగాడు ఆట మీద బతకగలడా?

ఒంగోలు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయికి పదమూడేళ్లు. టెన్నిస్ బాగా ఆడతాడు. టాప్ 100లోకి రాకపోయినా, ఏ 500, 600 ర్యాంకులోనో ఉన్నా ఆట మీద బతకొచ్చా?"

బతకలేడండి. అక్కడితో ఆపేయొచ్చు గానీ, "ఏ 500, 600 ర్యాంకులోనో" అని మీరు అంత తేలిగ్గా రాసేశారు చూడండి, అది చదివాక ఊరుకోలేకపోయాను. మా జిల్లా మొత్తం వెతికినా ఆ ర్యాంకు ముఖం చూసినవాణ్ణి మీరు చూపించలేరని నా పందెం.

నాది నెల్లూరు. రొయ్యల మేత వ్యాపారం. టెన్నిస్‌కీ నాకూ సంబంధం మా అక్క కొడుకు వల్ల. మా బావది సెలవు దొరకని ఉద్యోగం, అక్క ఒక్కతే ఊళ్లు తిరగలేదు. కాబట్టి టోర్నమెంటు అంటే వాడూ, రాకెట్ల సంచీ, నేనూ. పినాకినీ ఎక్కి చెన్నై పోవడం మాకు కావలి పోయొచ్చినంత మామూలైపోయింది.

అట్లా ఒకసారి నుంగంబాక్కంలో 15 వేల డాలర్ల టోర్నీ. 15 వేల డాలర్లంటే ఒకరికి వచ్చేది కాదు, టోర్నీ మొత్తం కలిపి పంచేది. మావాడికి ర్యాంకు లేదు కాబట్టి ముందు క్వాలిఫయింగ్, అంటే అసలు పోటీలోకి (మెయిన్ డ్రా) రావడానికి అర్హత మ్యాచ్‌లు ఆడాలి. అందులో గెలిచినా పైసా రాదు. ఆఖరి రౌండులో ఓడిపోయాడు. ఇక రైలెక్కుదాంరా అంటే, "లేదు మామా, లక్కీ లూజర్‌కి సంతకం పెట్టాలి" అన్నాడు. మెయిన్ డ్రాలో ఎవరైనా చివరి నిమిషంలో తప్పుకుంటే, క్వాలిఫయింగ్‌లో ఓడినవాళ్లలో ఒకరికి ఆ చోటు ఇస్తారు. దానికోసం పొద్దున్నే పోయి పేరు రాయించుకుని, షూ లేసులు కట్టుకుని కూర్చోవాలి.

కూర్చున్నాం. మాతోపాటు ఇంకో ముగ్గురు కుర్రాళ్లు. అందరూ మంచి పిల్లలే, అందరూ ఎవరికో ఒకరికి కడుపునొప్పి రావాలని కోరుకుంటున్నారు. నేనైతే మా తల్పగిరి రంగనాథస్వామికి సిగ్గు లేకుండా అదే మొక్కుకున్నాను. మధ్యాహ్నమైనా ఎవరికీ ఏమీ కాలేదు. ఇంక లాభం లేదని పెరుగన్నం పొట్లం తెచ్చి పెట్టాను. వాడు సగం తిన్నాడో లేదో లోపలి నుంచి పిలుపు. ఎవరో విదేశీ అబ్బాయికి నిజంగానే కడుపు చెడిందట! పది నిమిషాల్లో కోర్టులో ఉండాలి. వాడి మంచి రాకెట్లు రెండూ గట్టింగ్ షాపులో, అంటే తీగలు బిగించేచోట, ఉన్నాయి. నేను ఆటో ఎక్కి పరుగు.

రాకెట్లు తెచ్చేసరికి మొదటి సెట్టు పోయింది. రెండోది మావాడు కొట్టాడు. అది మాత్రం చూసి తీరాల్సిన ఆట. అవతలివాడు సీడెడ్, అంటే ఆ టోర్నీలో పై ర్యాంకువాళ్లలో ఒకడు. వాడి కోచ్ లేచి నిలబడ్డాడు. మూడో సెట్టులో మావాడికి పిక్కలు పట్టేశాయి. నిలబడి సర్వీసు వేయడం కూడా కష్టమైంది. అయినా మధ్యలో వదలకుండా చివరిదాకా ఆడి ఓడిపోయాడు. ఆ ఒక్క మ్యాచ్ గెలిచి ఉంటే ఏటీపీ (మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే సంస్థ) పాయింటు ఒకటి వచ్చేది. ఒకే ఒకటి. అది ఉంటే ప్రపంచ ర్యాంకుల పట్టికలో పేరు ఎక్కుతుంది. మొదటి రౌండులో ఓడినందుకు ఇచ్చింది 156 డాలర్లు, అప్పట్లో పదివేల రూపాయల చిల్లర. హోటల్ మనదే, తిండి మనదే, గట్టింగ్ మనదే.

రాత్రి రైల్లో వాడు ఫోన్ నా చేతికిచ్చాడు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఇంగ్లీషులో బూతులు పంపాడు. మావాడి మీద పందెం కాశాడట, డబ్బు పోయిందట! మా వీధిలో ఒక్కరికి కూడా వాడు ఆ రోజు ఆడుతున్నాడని తెలియదు. ఏ దేశంలోనో ఒకడు ఆ మ్యాచ్ మీద డబ్బు పెట్టాడు.

ఆ పాయింటు తర్వాత వచ్చింది, ఇంకొన్ని కూడా వచ్చాయి. కానీ పాయింట్లు 52 వారాలే ఉంటాయి. పోయినేడు గెలిచింది ఈ ఏడు మళ్లీ గెలవాలి. ఎండాకాలం పంట చేతికొచ్చిందని వానాకాలంలో రొయ్యకు వైరస్ రాకుండా ఉంటుందా? ఇదీ అంతే. దానికి తోడు 2019లో ఈ చిన్న టోర్నీలు నడిపే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, ఐటీఎఫ్, కొత్త పద్ధతి అంటూ 15 వేల డాలర్ల టోర్నీలకు ఏటీపీ పాయింట్లే తీసేసింది. ఎన్నో దేశాల్లో వందలమంది కుర్రాళ్లు గగ్గోలు పెట్టాక అదే ఏడాది మళ్లీ ఇచ్చింది. ఆ కొన్ని నెలలు మా ఇంట్లో అన్నం సహించలేదు.

ఊళ్లో క్లబ్బుల సంగతి కూడా చెప్పాలి. పేకాట గదికి ఏసీ ఉంటుంది. టెన్నిస్ కోర్టులో పల్లేరు ముళ్లు మొలుస్తాయి, నెట్ చిరిగితే బాగుచేయించడానికి కమిటీ కూర్చోవాలి. పిల్లలు సాయంత్రం ఆడదామంటే అది పెద్దమనుషుల డబుల్స్ టైము. పొట్ట ఊపుకుంటూ వాళ్లు ఆడేంతసేపూ ఈ పిల్లలు బంతులు ఏరాలి. ఇక్కడి నుంచి ప్రపంచ ర్యాంకు ఆటగాడు రావాలట!

సుమిత్ నగాల్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. దేశంలో నంబర్ వన్‌గా ఉన్న రోజుల్లోనే, 2023లో, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పుకున్నాడు. తర్వాతి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వాలిఫయింగ్ దాటి వచ్చి సీడెడ్ ఆటగాడు బుబ్లిక్‌ను ఓడించాడు, ఆ ఏడే 68వ ర్యాంకు దాకా పోయాడు. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఏటీపీ 2024లో ఆటగాళ్లకు కనీస ఆదాయం హామీ మొదలుపెట్టింది: ఆ ఏడాది టాప్ 100కి మూడు లక్షల డాలర్లు, 175 దాకా లక్షా యాభై వేలు, 250 దాకా 75 వేలు. 251వ వాడి నుంచి దేవుడే దిక్కు. మీరు అడిగింది 600 గురించి.

మన ఉయ్యూరు అబ్బాయి సాకేత్ మైనేని 137వ ర్యాంకు దాకా వెళ్లాడు. 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ మూడు మ్యాచ్‌లు గెలిచి మెయిన్ డ్రాలోకొచ్చి, ఐదు సెట్లు పోరాడి ఓడాడు. "ఆఁ, ఫస్ట్ రౌండేగా" అన్నారు మా దగ్గర కొందరు. ఫస్ట్ రౌండు దాకా పోవడం ఎంత కష్టమో చెన్నైలో పెరుగన్నం పొట్లం పట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది.

సాకేత్ అలబామా యూనివర్సిటీలో చదువుకుంటూ ఆడాడు. అనంతపురం అమ్మాయి సహజ యమలపల్లి కూడా అమెరికాలో కాలేజీ టెన్నిస్ ఆడే వచ్చింది. మా అక్కావాళ్లకు ఈ దారి చూపించినవాడు లేడు. పదిహేడేళ్లకే "ప్రో" అన్నారు, డిగ్రీ దూరవిద్యలో లాగించారు. మావాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో పిల్లలకు నేర్పిస్తున్నాడు. టూర్‌లో ఏడాదికి వచ్చిన ప్రైజ్ మనీ కంటే ఇక్కడ రెండు మూడు నెలల్లో ఎక్కువ వస్తోంది. మోకాలు కూడా నొప్పి లేకుండా ఉందట.

కాబట్టి మీవాడికి పదమూడేళ్లంటే ఇంకా టైముంది. ఐటీఎఫ్ జూనియర్ టోర్నీలు ఆడించండి, ఇంగ్లీషు, లెక్కలు వదలనీయకండి, ఆడిన మ్యాచ్‌ల వీడియోలు దాచిపెట్టండి, కాలేజీ కోచ్‌లు అడిగేది అవే. ఇంటర్ అయ్యాక ఏళ్లకేళ్లు టూర్ తిరిగి, అప్పుడు అమెరికా కాలేజీకి పోదామనుకుంటే అక్కడ ఆడే అర్హత దెబ్బతింటుంది, ఆ నిబంధనలు ముందే చదువుకోండి. చెన్నైలో గట్టింగ్ ఎక్కడ బాగా చేస్తారో కావాలంటే అడగండి, చెప్తాను.