నాలుక వెనకాల ఆ బుడిపెలేంటి?

ప్రశ్న: గొంతు నొప్పిగా ఉందని ఫోన్ టార్చ్ వేసుకుని అద్దంలో నాలుక చాపి చూసుకున్నా మేడమ్. బాగా వెనకాల పెద్ద పెద్ద బుడిపెలు కనిపించాయి, నొప్పేం లేదు కానీ నెట్‌లో వెతికితే క్యాన్సర్ అని వచ్చింది, అప్పట్నుంచి అన్నం సయించట్లేదు. ఇంకోటి, నాలుక చివర తీపి, వెనకాల చేదు తెలుస్తాయని చిన్నప్పుడు స్కూల్లో బొమ్మ వేయించారు, అది నిజమేనా?
– ఓ పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ముందు కడుపునిండా అన్నం తినండమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి అవి పుట్టుకతో అందరికీ ఉండేవే. ఇంకోసారి చూడండి, ఓ వరసలో ఉంటాయి, కుడి ఎడమ రెండు పక్కలా ఒకేలా, మొన గొంతు వైపు తిరిగిన ఇంగ్లీష్ 'వి' అక్షరంలా. మామూలుగా 8 నుంచి 12 దాకా ఉంటాయి. ఒక్కో బుడిపె చుట్టూ సన్నటి కందకం ఉంటుంది, దాని గోడల్లోనే రుచి మొగ్గలుంటాయి, అడుగునున్న గ్రంథులు నీరు వదుల్తూ ఆ కందకాన్ని కడుగుతుంటాయి. అంత వెనకాల ఉంటాయి కాబట్టి నాలుక బాగా చాపితే తప్ప కనపడవు, అందుకే చాలామంది మొదటిసారి చూసి హడలిపోతారు.

ముందు భాగం గరుగ్గా ఉంటుంది కదా, అది దారప్పోగుల్లాంటి సన్నటి బుడిపెల వల్ల. వాటిలో రుచి మొగ్గలే ఉండవు, ముద్ద జారిపోకుండా పట్టుకోవడమే వాటి పని. వాటి మధ్యలో గుండ్రంగా చిన్న చిన్న చుక్కలుంటాయి, రుచి తెలిసేది వాటితో. కేక్‌లో వేసే నీలం ఫుడ్ కలర్ ఒక్క చుక్క నాలుక మీద రాసి మీ పిల్లలకి చూపించండి, చుట్టూ అంతా నీలమైపోయి ఈ చుక్కలు మాత్రం గులాబీ రంగులో తేలతాయి.

ఆ స్కూల్ బొమ్మ తప్పండి. 1901లో హేనిగ్ అనే జర్మన్ ఆయన నాలుక మీద ఒక్కో చోట ఒక్కో రుచి కాస్త త్వరగా తెలుస్తుందని, అదీ చాలా చిన్న తేడాతో, రాశాడు. 1942లో బోరింగ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన పుస్తకంలో దాన్ని గ్రాఫ్‌గా గీసిన తీరుకి ఆ తేడా చాలా పెద్దదనిపించింది, అక్కణ్ణుంచి పాఠాల్లోకి ఎక్కి కూర్చుంది. నాలుక చివర ఉప్పు రాయి పెట్టుకోండి, ఉప్పగానే ఉంటుంది. రుచి మొగ్గ ఉన్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

కారం సంగతి మాత్రం వేరు. మిర్చి బజ్జీ తింటే మండేది రుచి మొగ్గ కాదు, వేడిని నొప్పిని పట్టే నరాలు. మిరపలోని క్యాప్సైసిన్ ఆ నరాలని కాలిందని నమ్మిస్తుంది, అది ఎలా జరుగుతుందో కనిపెట్టిన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది. ఈ క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, గ్లాసులకి గ్లాసులు తాగినా మంట తగ్గదు, పాలో పెరుగో తీసుకోండి.

ఇక భయం సంగతి. భయపడాల్సింది ఆ వెనకాల వరస గురించి కాదు, మనం ఎప్పుడూ చూడని అంచుల గురించి. శుభ్రమైన గుడ్డతో నాలుక చివర పట్టుకుని ఓసారి ఎడమకి, ఓసారి కుడికి లాగి చూడండి, పైకెత్తి అడుగు కూడా చూడండి. రెండు మూడు వారాలైనా మానని పుండు, తుడిస్తే పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, ఒక్క పక్కే గట్టిగా తగిలే గడ్డ, తిమ్మిరి, నాలుక సరిగ్గా తిరక్కపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆగొద్దు. నొప్పి లేదు కదా అని అస్సలు వదిలేయొద్దు, మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు. ఇంట్లో గుట్కా, ఖైనీ, జర్దా పాన్ నమిలేవాళ్లుంటే, తిట్టినా సరే, ఇవాళే కూర్చోబెట్టి చూడండి. అనుమానం ఉంటే దగ్గర్లోని ఈఎన్‌టీ డాక్టరైనా చాలు, లేదంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పుండు ఎప్పట్నుంచి ఉందో, ఏం నములుతారో దాచకుండా చెప్పండి, ముక్క తీసి టెస్ట్‌కి పంపుదామంటే వద్దనకండి, అది ఏంటో ఖాయంగా తేలేది ఆ టెస్ట్‌లోనే.